ఈ డబ్బా మా కోసమా, మా మీదా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక సరంగు, తన బోటు కేబిన్ మీద కొత్తగా బిగించిన ట్రాన్స్‌పాండర్ని, అంటే బోటు జాడను ఉపగ్రహం ద్వారా గట్టుకు పంపే డబ్బాని, చూపించి నన్నడిగాడు: "ఈ డబ్బా మా కోసం ఎట్టినారా, మా మీద ఎట్టినారా?" ఎగతాళికి అడిగిన మాట కాదది. డబ్బా ఉచితంగానే వచ్చింది. బిగించినవాళ్లు మర్యాదగానే వివరించి వెళ్లారు. ఆపదొస్తే నొక్కాల్సిన బటన్ ఎక్కడుందో అతనికి బాగా తెలుసు. అయినా అనుమానం పోలేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న కళాసీలు కూడా చేతులాపి నా వైపు చూశారు.

ఆ ప్రశ్నను పట్టుకుని చాలా చదివాను, కొంతమందితో మాట్లాడాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉపగ్రహాలతో సముద్రాన్ని కనిపెట్టి ఉండటం అవసరమనే నేను నమ్ముతున్నాను. అయితే ఆ పని నౌకాదళాల గదుల్లోనే జరిగితే చాలదు. పెద్ద ఓడలు ఎక్కడ తిరిగాయో పౌరులందరికీ కనబడాలి. చిన్న పడవ ఎక్కడ తిరిగిందో ముందు ఆ పడవవాడి చేతిలో ఉండాలి. ఇప్పుడు మనం వెళుతున్న దారి దీనికి తలకిందులుగా ఉందని నా భయం.

స్క్విడ్ వేట, కొట్టుకొచ్చిన పడవలు

ఈ విషయంలో నన్ను బాగా కదిలించింది మన సముద్రం కథ కాదు. కొరియాకీ జపాన్‌కీ మధ్య ఉన్న సముద్రానిది. జపాన్ పడమటి తీరానికి కొన్నేళ్లపాటు పాత చెక్క పడవలు కొట్టుకొస్తూ ఉండేవి. 2014 నుంచి 2018 దాకా అలా వచ్చినవి 500 పైచిలుకు. కొన్నిట్లో ఎవరూ లేరు, కొన్నిట్లో శవాలు, కొన్నిట్లో ఎముకలు మాత్రమే. అవి ఉత్తర కొరియా మత్స్యకారుల పడవలని తెలుసు. అంత బలహీనమైన పడవలేసుకుని అంత దూరం ఎందుకొస్తున్నారన్నదే ఎవరికీ సరిగ్గా అంతుబట్టలేదు.

2020 జులైలో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. గ్లోబల్ ఫిషింగ్ వాచ్ అనే లాభాపేక్ష లేని సంస్థ, కొరియా, జపాన్, ఆస్ట్రేలియా పరిశోధకులతో కలిసి చేసిన పని అది. వాళ్లు వాడినవన్నీ పౌర ఉపగ్రహాలు తీసినవే. తామెవరో, ఎక్కడున్నారో ఓడలు తామే ప్రసారం చేసే ఏఐఎస్ సంకేతాలు మొదటివి. తర్వాత రాడార్ చిత్రాలు. రాత్రిపూట సముద్రం మీద దీపాలను పట్టే విర్స్ పరికరం చిత్రాలు. చివరగా ప్లానెట్ కంపెనీ చిన్న ఉపగ్రహాలు తీసిన ఫొటోలు. ఒక్కోటి విడిగా చూస్తే అసంపూర్ణమే. నాలుగూ కలిపి చూసేసరికి 2017లో 900కు పైగా, 2018లో 700కు పైగా చైనా నుంచి వచ్చిన పెద్ద వేట ఓడలు ఉత్తర కొరియా జలాల్లో చేపలు పడుతున్నట్టు తేలింది. ఆ వేట ఐక్యరాజ్యసమితి ఆంక్షలకు విరుద్ధం. ఆ రెండేళ్లలో ఆ ఓడలు పట్టిన స్క్విడ్ అనే సముద్ర జీవుల విలువ 44 కోట్ల డాలర్ల పైనే ఉంటుందని అంచనా కట్టారు. జపాన్, దక్షిణ కొరియా రెండూ కలిపి పట్టినంత అన్నమాట.

పెద్ద ఓడలు వచ్చి తమ సముద్రాన్ని ఊడ్చేస్తుంటే ఉత్తర కొరియా చిన్న పడవలవాళ్లు ఏం చేస్తారు? ఇంకా దూరం పోయారు. 2018లో దాదాపు 3,000 చిన్న పడవలు రష్యా జలాల్లోకి వెళ్లి వేటాడాయని అంచనా. అంత దూరం పోవడానికి కట్టిన పడవలు కావవి. జపాన్ తీరానికి కొట్టుకొచ్చినవాటికీ ఈ వేటకూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు అలా విడమర్చి చూపించారు.

ఆ వ్యాసం చదువుతున్నప్పుడు నాకు తట్టిందొకటి. ఆ ఓడలు గుంపులు గుంపులుగా వెళ్లడం ఆ చుట్టుపక్కల తీరరక్షక దళాలు చూడకుండా ఉంటాయా? వాళ్లకు తెలిసిన సంగతులు వాళ్ల ఫైళ్లలో ఉండిపోతాయి. ఫైలులో ఉన్నదాన్ని పొరుగు దేశంతో బేరానికి వాడుకోవచ్చు, వాడుకోకుండా ఊరుకోనూ వచ్చు. పౌర ఉపగ్రహాల చిత్రాలతో రాసిన వ్యాసాన్ని మాత్రం ఎవరైనా తిరిగి లెక్కగట్టి తప్పో ఒప్పో తేల్చుకోవచ్చు. ఆ చనిపోయినవాళ్లు ఎందుకు చనిపోయారో వాళ్ల ప్రభుత్వం చెప్పదు, వేటాడిన ఓడల ప్రభుత్వమూ చెప్పదు. చెప్పగలిగింది బయటి నుంచి చూసినవాళ్లే.

పెద్దవి దాక్కోలేవు, చిన్నవి కనబడవు

ఏఐఎస్ ఎందుకు పెట్టారో తెలిసిందే: ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా. అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నులు, ఆపై ఓడలకు 2004 చివరి నుంచి తప్పనిసరి అయింది. వీహెచ్ఎఫ్ సంకేతం కాబట్టి సముద్రం మీద కొన్ని పదుల మైళ్లు దాటి పోదు. కానీ పైకి వెళుతుంది. దాన్ని అంతరిక్షంలోనూ అందుకోవచ్చన్న ఆలోచన వచ్చాకే ఈ కాపలా సాధ్యమైంది. మన రిసోర్స్‌శాట్-2 కూడా 2011లో శ్రీహరికోట నుంచి వెళ్లినప్పుడు కెనడావాళ్ల ఏఐఎస్ పరికరాన్ని మోసుకెళ్లింది. 2019 ఏప్రిల్‌లో పీఎస్ఎల్వీ-సీ45 నాలుగో దశ మీద ఇస్రో తన సొంత ఏఐఎస్ పరికరాన్ని పెట్టి పరీక్షించింది.

అయితే ఏఐఎస్ అంటే ఓడ తన గురించి తాను చెప్పుకునే మాట. ఆపేయచ్చు, అబద్ధమూ చెప్పచ్చు. రాడార్ ఉపగ్రహానికి ఓడ అనుమతి అక్కర్లేదు. మబ్బులున్నా, అర్ధరాత్రైనా ఇనుప ఓడ నుంచి తిరిగొచ్చిన తరంగం చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. ఐరోపా సెంటినెల్-1 చిత్రాలు ఎవరికైనా ఉచితం. నేనూ దించుకుని చూశాను. విశాఖ రేవు బయట లంగరేసి వేచివున్న ఓడలు నల్లటి నీటి మీద తెల్లటి చుక్కలుగా ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి. అది వేట ముమ్మరంగా సాగే కాలం. జాలరిపేట నుంచి, భీమిలి నుంచి వెళ్లిన ఫైబర్ బోట్లు ఆ నీళ్లలోనే ఎక్కడో ఉండి ఉండాలి. చిత్రంలో ఒక్కటీ లేదు. అంత చిన్నవాటిని, అందులోనూ ఇనుము లేనివాటిని, ఆ రాడార్ పట్టలేదు.

2024 జనవరిలో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం 2017 నుంచి 2021 వరకు తీసిన ఇలాంటి చిత్రాలను జల్లెడపట్టింది. ప్రపంచంలో పారిశ్రామిక వేట ఓడల్లో 72 నుంచి 76 శాతం ఏ బహిరంగ ట్రాకింగ్‌లోనూ లేవని అందులో తేలింది. సరుకు, ఇంధన ఓడల్లో అలాంటివి 21 నుంచి 30 శాతం. ఈ అంకె చూసి 'సముద్రంలో ముప్పాతిక వంతు దొంగలే' అని రాసినవాళ్లున్నారు. అది తప్పు. మన దేశంలో 20 మీటర్లకు మించిన వేట బోట్లకే ఏఐఎస్ తప్పనిసరి, మన మరబోట్లలో చాలావరకు అంతకన్నా చిన్నవి. సంకేతం ఇవ్వని ప్రతి బోటూ దాక్కున్న బోటు కాదు. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతుంది: సముద్రంలో కనబడ్డ ప్రతి పది వేట ఓడల్లో ఏడు ఆసియావి, ఐరోపావి ఒక్కటి. ఏఐఎస్ పటం ఒక్కటే చూస్తే ఇంత తేడా అగుపించదు.

నా వాదనకు పునాది ఇక్కడే ఉంది. పెద్ద ఓడను చూడాలంటే మనం చూడటానికి సిద్ధపడితే చాలు. చిన్న పడవను ఎప్పుడూ చూస్తూ ఉండాలంటే అది తనంతట తాను ఒక డబ్బాను మోయాలి. మోసేవాడు ఒప్పుకుంటేనే నడిచే వ్యవస్థలో మోసేవాడికి హక్కుండాలి కదా.

కనబడటమే ప్రమాదమైనప్పుడు

ఇక్కడ నన్ను ఆపే విషయం ఒకటుంది. మా మేనల్లుడు ట్యాంకర్ మీద సెకండ్ ఆఫీసర్. వాడు ఓడెక్కినప్పటి నుంచి మా అక్క ఫోన్‌లో ఓడల యాప్ చూడకుండా నిద్రపోదు. 2023 నవంబరులో యెమెన్ హూతీ తిరుగుబాటుదారులు గెలాక్సీ లీడర్ ఓడను పట్టుకున్నాక, ఆ తర్వాతి నెలల్లో ఒకసారి వాడి ఓడ ఎర్ర సముద్రంలోకి దిగింది. బాబ్ ఎల్ మందెబ్ జలసంధి దగ్గర పడేసరికి యాప్‌లో ఓడ చుక్క ఆగిపోయింది. అక్క నాకు ఫోన్ చేసి "ఏమైందిరా?" అంటే, నాకు తోచింది చెప్పాను: కెప్టెన్ కావాలనే ఆపి ఉంటాడని. ఆవిడ నమ్మలేదు. చుక్క మళ్లీ కదిలేదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

తర్వాత వాడు చెప్పింది అదే. ఓడ భద్రతకు ముప్పుందనుకుంటే ఏఐఎస్ ఆపే అధికారం కెప్టెన్‌కు అంతర్జాతీయ నియమాల్లోనే ఉంది. కొన్ని ఓడలు గమ్యం రాయాల్సిన చోట 'మాది చైనా సిబ్బంది' అని రాసుకుని దాటాయి. మా అక్కకు ధైర్యం ఇచ్చిన చుక్కే డ్రోన్ ఎగరేసేవాడికి గురి చూపిస్తుంది. 'అన్నీ అందరికీ కనబడాలి' అని నేను రాసినప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చి కలం ఆగుతుంది.

ఆలోచించగా నాకు కనబడిన దారి కాలాన్ని విడదీయడం. ఈ క్షణాన ఓడ ఎక్కడుందన్నది రక్షించాల్సినవాళ్లకు కావాలి. 2024 మార్చిలో సోమాలియా దొంగల నుంచి ఎంవీ రూయెన్ ఓడను ఐఎన్ఎస్ కోల్‌కతా విడిపించి 17 మంది సిబ్బందిని బయటికి తెచ్చినప్పుడు మన నావికాదళానికి కావలసింది అదే. గురుగ్రామ్‌లో 2018 నుంచి నడుస్తున్న నావికాదళ ఓడల సమాచార కేంద్రం ఉన్నదీ అందుకే. కానీ గత నెలలో, పోయిన ఏడాది ఏ ఓడ ఎక్కడ తిరిగిందన్నది దాచాల్సిన పని లేదు. గ్లోబల్ ఫిషింగ్ వాచ్ తన పటాన్ని కొన్ని రోజుల ఆలస్యంతో చూపిస్తుంది. వేట ఓడను నిలదీయడానికి ఆ ఆలస్యం అడ్డు కాదు.

దీంతో చిక్కంతా విడిపోతుందని అనను. డబ్బు పెట్టగలిగినవాడికి ఇప్పటికే ఈ క్షణపు సమాచారం అమ్ముతున్నారు. దాన్ని కొనలేనిది మత్స్యకార సంఘాలే. బహిరంగంగా ఉంచడం వల్ల ప్రమాదం ఉందన్నవాళ్లకు నేను చెప్పేది ఇంకొకటి కూడా. 2021 జూన్‌లో బ్రిటిష్ యుద్ధనౌక డిఫెండర్, ఒక డచ్ యుద్ధనౌక రాత్రికి రాత్రి రష్యా చేతిలో ఉన్న క్రిమియాలోని నౌకాదళ రేవు సెవస్తోపోల్ దగ్గరకు వెళ్లినట్టు ఏఐఎస్ పటాలు చూపించాయి. నిజానికి రెండూ ఉక్రెయిన్‌లోని ఒడెస్సా రేవులోనే కట్టి ఉన్నాయి. రేవు వెబ్‌క్యామ్‌లో వాటిని చూసినవాళ్లు ఆ అబద్ధాన్ని బయటపెట్టారు. ఆ సంకేతాలు రహస్య గదికి మాత్రమే చేరే రకమైతే ఆ అబద్ధాన్ని ఎవరు నమ్మేవాళ్లో, దాని మీద ఏం నిర్ణయం తీసుకునేవాళ్లో తలుచుకుంటే భయమేస్తుంది.

అనుమానం ఎవరి మీద

2008 నవంబరు ముంబై దాడి తర్వాతే మన తీరంలో ఈ నిఘా అంతా పెరిగింది. దాడి చేసినవాళ్లు వాడుకున్నది కుబేర్ అనే గుజరాత్ వేట బోటును. దాని మీద ఉన్న అయిదుగురు మత్స్యకారులనూ చంపేశారు. అంటే ఆ దాడిలో మొదట బలైనవాళ్లు వేటగాళ్లే. ఆ తర్వాత అనుమానం పడ్డదీ వేటగాళ్ల మీదే: గుర్తింపు కార్డులు, బోటు రంగులు, తనిఖీలు. ఇవి అక్కర్లేదని అనను. కానీ కుబేర్ మీద ఆనాడే ట్రాన్స్‌పాండర్ ఉండుంటే ఏం కనబడేది? ఒక భారతీయ బోటు ముంబై వైపు వస్తున్నట్టు. దాని మీద ఎవరున్నారో చుక్క చెప్పదు. చెప్పగలిగింది ఆ బోటును ఎరిగిన పక్క బోటువాడు. అతనికి మన మీద నమ్మకముంటే చెబుతాడు.

2018 చివర్లో వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది. శ్రీకాకుళం తీరంలో రేవులు లేక, ఏడాదిలో చాలా నెలలు గుజరాత్ బోట్ల మీద కూలికి పోయే మనుషులు వాళ్లు. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద కాలుపెట్టారు. ఏడాదికి పైగా జైలు. రెండు దేశాలూ సంతకం చేసిన సముద్ర చట్టాల ఒప్పందం 73వ అధికరణ ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా చేపల మీద ఆ దేశానికే హక్కున్న జలాల్లో) చేపలు పట్టిన నేరానికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకుంటే, జైలుశిక్ష వేయకూడదు. పైగా గుజరాత్‌కూ పాకిస్తాన్‌కూ మధ్య ఉన్న సర్ క్రీక్ పాయ దగ్గర సరిహద్దు ఎక్కడన్నదాని మీదే రెండు దేశాలకూ ఒప్పందం కుదరలేదు. నీళ్ల మీద గీత లేదు, ఉన్న గీత మీద ఏకాభిప్రాయం లేదు. శిక్ష మాత్రం కళాసీకి.

ఆ బోటు మీద సరిహద్దు దగ్గరవుతోందని హెచ్చరించే పరికరం ఉండుంటే వాళ్లు వెనక్కి తిరిగేవాళ్లేమో. కొత్త ట్రాన్స్‌పాండర్ చేసే పనుల్లో అదొకటి. అందుకే దాన్ని నేను సమర్థిస్తాను. కానీ సరంగు భయం ఇంకోలా ఉంది. "రేపు ఈ డబ్బా సూపించి, నువ్వే దాటినావు అంటే?" ఆ రికార్డు కాపీ అతని దగ్గర లేకపోతే, దాటలేదని అతను నిరూపించుకునేది ఎలా? ఒక పక్షం చేతిలోనే ఉండే సాక్ష్యాన్ని సాక్ష్యమని ఎలా అంటాం?

సముద్రాన్ని చూడటం, మనిషిని చూడటం

తీరమే లేని హైదరాబాద్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేసే పని చూడండి. ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం ఆధారంగా చేపలు ఎక్కువగా దొరికే ప్రాంతాలేవో చెబుతుంది. డీజిల్ ఎంత కలిసొస్తుందో మత్స్యకారులను అడిగితే వాళ్లే చెబుతారు. ఇందులో ఉపగ్రహం సముద్రాన్ని చూస్తుంది, ఫలితం పడవవాడికి చేరుతుంది. కొత్త ట్రాన్స్‌పాండర్ల పథకంలో ఉపగ్రహం పడవవాణ్ణి చూస్తుంది, ఫలితం గట్టుకు చేరుతుంది. రెండోది అవసరమే. మొదటిది లేకుండా రెండోది ఒక్కటే వస్తే ఆ డబ్బా నిజంగా వాళ్ల మీద పెట్టినట్టే.

నిజానికి ఈ ట్రాన్స్‌పాండర్లో మొదటిదానికీ చోటుంది. 2017 చివర్లో ఒఖీ తుఫాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడు బోట్లు నడిసముద్రంలో ఉన్నాయి. సెల్ సిగ్నల్ తీరం దాటి కొన్ని కిలోమీటర్లే అందుతుంది. హెచ్చరిక చేరక ఎంతోమంది పోయారు. 2019లో ఇన్‌కాయిస్ తెచ్చిన జెమిని పరికరం సందేశాన్ని బోటుకు చేర్చేది కానీ, బోటు నుంచి తిరుగు మాట రాదు. 2024 ఆగస్టులో పాల్ఘర్‌లో మొదలుపెట్టిన పథకంలో, 364 కోట్ల ఖర్చుతో లక్ష బోట్లకు ఇస్తున్న ట్రాన్స్‌పాండర్లు రెండు వైపులా పనిచేస్తాయి. జీశాట్-6 ఉపగ్రహం ద్వారా బోటువాడు గట్టుకు మాట పంపగలడు, తుఫాను కబురు, చేపల జాడ అందుకోగలడు. మంచి యంత్రమే. దాన్ని ఎలా వాడతామన్నదే అసలు సంగతి.

సరంగులు చెప్పిన అభ్యంతరాల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది వేట చోటు గురించి. ఫలానా దిబ్బ దగ్గర వంజరం పడుతుందని తండ్రి కొడుక్కే చెబుతాడు, పక్కింటివాడికి చెప్పడు. ఆ జాడలన్నీ ఒక సర్వర్లో చేరితే రేపు ఏ పెద్ద ట్రాలర్ కంపెనీకో అమ్ముడుపోవని హామీ ఏమిటి? దీనికి జవాబుగా 'మీకేం దాచాల్సిన పని ఉంది' అన్న అధికారి ఒకాయన్ను హార్బర్లోనే విన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వృత్తి రహస్యం నేరం కాదు. అందుకే చిన్న పడవల జాడ బహిరంగంగా పెట్టమని నేను అడగను. బోటు జాడ బోటుదే. తుఫానుకీ, గల్లంతయినప్పుడు వెతకడానికీ తక్షణం వాడుకోవాలి. ఆ పైన ఎవరికి కావాలన్నా రాతపూర్వకంగా అడగాలి. అడిగిన సంగతి సరంగుకు తెలియాలి. ప్రతి వేట తర్వాతా తన జాడ తన ఫోన్లోకి దించుకోగలగాలి. డీజిల్ రాయితీకీ వేట నిషేధ భృతికీ దీన్ని ముడిపెట్టబోమని ముందే రాసివ్వాలి.

పెద్ద బోట్ల సంగతి వేరు. మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే విడిచిపెట్టాలని చట్టం 1994 నుంచి ఉంది. మరబోటు ఆ గీత దాటి లోపలికొచ్చి వలలు తెంపుకుపోయిందని ఫిర్యాదు చేస్తే 'రుజువేది' అన్న ప్రశ్నే ఎదురవుతుంది. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల (చేపల గుంపును చుట్టేసి పట్టే పెద్ద వలల) గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. పెద్ద జాలరిపేట, వాసవానిపాలెం రెండూ మత్స్యకారుల పేటలే, బంధుత్వాలున్నవే. ఎవరు ఎంత దూరంలో వల వేశారన్నదాని మీద ఎవరి మాట వాళ్లది. పోలీసులొచ్చి 144వ సెక్షన్ పెట్టేదాకా పోయింది.

అలాంటి గొడవకు ట్రాన్స్‌పాండర్ రికార్డు పనికొస్తుంది, రెండు పేటల పెద్దల ఎదుట తెరిచి చూపిస్తే. మత్స్యశాఖ గదిలో ఒకళ్లే చూసి తీర్పు చెబితే రెండో పేట దాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కాబట్టి 8 కిలోమీటర్ల గీత లోపలికి వచ్చిన మరబోట్ల జాబితా వారానికోసారి ప్రతి జెట్టీ దగ్గరా నోటీసు బోర్డు మీద అంటించాలని నేను అడుగుతున్నాను: బోటు నంబరు, తేదీ, ఎంత లోపలికొచ్చింది. ఇందుకు కొత్త ఉపగ్రహం ఎగరేయక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ట్రాన్స్‌పాండర్ బిగించిన ప్రతి మరబోటు నుంచీ ఆ సమాచారం ఇప్పుడు కూడా వస్తూనే ఉంది.